దసరా సెలవుల్లో ఒక్క పెద్ద జలపాతం: విక్టోరియానా, ఇగువాసూనా, నయాగరానా?

తొలకరి అడిగిన ప్రశ్న:

అక్టోబరులో దసరా సెలవులకి హైదరాబాద్ నుంచి ఆరుగురం బయల్దేరుదామనుకుంటున్నాం. మేమిద్దరం, పదకొండేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, అత్తయ్య, మావయ్య. మావయ్యకి 67, అత్తయ్యకి 63. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే కిలోమీటరు దాకా నడుస్తారు, మెట్లంటే మాత్రం కష్టం. రాకపోకలతో కలిపి చేతిలో ఉన్నది 12 రోజులు.

అందరికీ అమెరికా టూరిస్టు వీసాలున్నాయి, మల్టిపుల్ ఎంట్రీ. మరిది న్యూజెర్సీలో ఉంటారు. కెనడా వీసా ఎవరికీ లేదు. ఒక్క పెద్ద జలపాతమైనా తీరిగ్గా చూడాలన్నది మావయ్య కోరిక. విక్టోరియా, ఇగువాసు, నయాగరా మధ్య తేల్చుకోలేకపోతున్నాం. అక్టోబరులో దేంట్లో నీళ్ళు బాగుంటాయి? పెద్దవాళ్ళు ఎక్కడ ఇబ్బంది లేకుండా చూడగలరు? టీకాలు, వీసాల్లో ముందే చూసుకోవాల్సినవి ఏమిటి? ఫొటోలు చూసి అడగడం లేదు, వివరాలు కావాలి.

జాంబెజీ:

విక్టోరియా సంగతి ముందు తేల్చేస్తాను. అక్టోబరులో వద్దండి.

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే సరిహద్దు మీద జాంబెజీ నదిపై ఉన్న ఈ జలపాతం వెడల్పు 1,708 మీటర్లు, ఎత్తు 108 మీటర్లు. ఈ లెక్కలు చూసి టికెట్లు కొనేస్తారు. ఆ వెడల్పంతా నీళ్ళు దూకేది ఏడాదిలో కొన్ని నెలలే. జాంబెజీ నదికి ఎగువన అంగోలాలో, జాంబియా ఉత్తరాన వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. ఆ నీళ్ళు వెంటనే కిందికి రావు. మధ్యలో బరోట్సే అనే పెద్ద వరద మైదానం ఉంది. అక్కడ పరుచుకుని, నెమ్మదిగా జారి జలపాతం దగ్గరికి చేరేసరికి మార్చి, ఏప్రిల్ అవుతుంది. మన కుంటాల, బొగత లాంటివి వాన పడ్డ మర్నాటికే ఉరుకుతాయి కాబట్టి, అక్కడా వానాకాలమే సీజన్ అనుకుని పొరబడతారు.

వానలు బాగా పడ్డ ఏడాది ఏప్రిల్లో ప్రవాహం లక్ష క్యూసెక్కులు దాటుతుంది. అక్టోబరు చివరికి పది వేల దరిదాపులకి పడిపోతుంది. అప్పుడు జాంబియా వైపున్న తూర్పు భాగంలో చాలామటుకు నల్లటి బసాల్ట్ గోడే కనిపిస్తుంది, నీళ్ళు ఉండవు. లివింగ్‌స్టన్ ఊళ్ళో దిగి ఆ ఒక్క వైపే చూసినవాళ్ళు నిరాశపడేది ఇందుకే. జింబాబ్వే వైపు డెవిల్స్ కాటరాక్ట్, మెయిన్ ఫాల్స్ అనే భాగాలు ఏడాది పొడుగునా పారతాయి. అక్టోబరులో వెళ్ళి తీరాలంటే ఆ వైపే వెళ్ళాలి. పైగా అక్కడ ఏడాది మొత్తంలో ఎక్కువ ఎండలు కాసేది ఆ నెలలోనే.

నీళ్ళు ఎక్కువుంటే మంచిదనీ అనుకోకండి. ఏప్రిల్లో తుంపర ఎంత దట్టంగా లేస్తుందంటే ఎదురుగా నిలబడినా జలపాతం కనిపించదు, తడిసి ముద్దవడమే మిగులుతుంది. నీళ్ళూ ఉండి, కంటికీ ఆనే కాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. అంచునున్న డెవిల్స్ పూల్‌లో దిగాలనుకునే కుర్రకారుకి మాత్రం నీళ్ళు తగ్గిన నెలలే కావాలి, దానికి జాంబియా వైపు నుంచే వెళ్ళాలి. మీ బృందానికి అది పనికిరాదు.

వేరే ఏడాది ఎవరైనా వెళ్ళేట్టయితే ఇంకో రెండు మాటలు. అది మలేరియా ప్రాంతం, బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి మాత్రలు మొదలుపెట్టాలి. విమానం నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో అయితే, ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా కార్డు లేనివాళ్ళు మధ్యలో ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకూడదు. కెన్యా, ఇథియోపియా రెండూ ఇండియా పెట్టుకున్న ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉన్నాయి. జొహానెస్‌బర్గ్ మీదుగా వెళ్తే ఈ తలనొప్పి ఉండదు.

పరానా:

ఈ మూడింట్లో నా ఓటు ఇగువాసుకే. చూడటానికి దానికి సాటి వచ్చేది లేదు. కానీ మీ అత్తయ్య, మావయ్యల విషయంలో ఒక గట్టి అడ్డంకి ఉంది, చివర్లో చెప్తాను. అది చదవకుండా టికెట్లు కొనకండి.

ఇగువాసు ఒక్క జలపాతం కాదు. అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దు మీద 2.7 కిలోమీటర్ల మేర 275 దాకా ధారలు పడతాయి. వాటిలో ఎక్కువ భాగం అర్జెంటీనా గడ్డ మీదే. అందుకని అర్జెంటీనా వైపు మీరు జలపాతాల మధ్యలో నడుస్తారు, బ్రెజిల్ వైపు నిలబడి వాటిని ఎదురుగా చూస్తారు. రెండూ చూస్తేనే తృప్తి. అర్జెంటీనాకి ఒక పూర్తి రోజు, బ్రెజిల్‌కి ఒక పూట. అర్జెంటీనా పార్కులో రెండో రోజు కూడా తిరగాలంటే, మొదటి రోజు బయటికొచ్చే ముందే టికెట్ మీద ముద్ర వేయించుకోండి. మర్నాడు సగం ధరకి లోపలికి పంపిస్తారు. మరిచిపోయి బయటికొచ్చేస్తే పూర్తి ధర కట్టాల్సిందే.

అర్జెంటీనా పార్కు 8 గంటలకి తెరుస్తారు. తెరిచే వేళకి గేటు దగ్గర ఉండి, ముందు చిన్న రైలెక్కి గర్గంతా దెల్ దియాబ్లో స్టేషన్‌కి వెళ్ళిపోవాలి. అక్కడి నుంచి నది మీద ఇనుప జాలీ వంతెన, ఒక వైపు 1,100 మీటర్లు. మెట్లు లేవు, చక్రాల కుర్చీ కూడా పోతుంది. వంతెన చివర 82 మీటర్ల లోతుకి నది మొత్తం మీ కాళ్ళ ముందే విరిగిపడుతుంది. పది దాటితే టూర్ బస్సులన్నీ వచ్చేస్తాయి. రైలు అరగంటకొకటి, కాబట్టి ఒక్క రైలు తప్పితే క్యూలో అరగంట పోయినట్టే. తర్వాత పై దారి. అది 1,750 మీటర్లు, మెట్లు లేవు, జలపాతాల నెత్తిమీద నడిచినట్టుంటుంది. కింది దారిలో మెట్లున్నాయి. పిల్లల్ని తీసుకుని మీరిద్దరూ దిగండి, పెద్దవాళ్ళని స్టేషన్ దగ్గర కూర్చోబెట్టండి.

కూర్చున్న చోట తిండి పొట్లాలు బయటికి తీయొద్దని వాళ్ళకి గట్టిగా చెప్పండి. కోటీ అని పొడుగు ముక్కు, చారల తోక ఉన్న జంతువులు గుంపులుగా తిరుగుతాయి. సంచి చప్పుడు వింటే చాలు, టేబుల్ ఎక్కి లాక్కుపోతాయి. గోళ్ళు పొడుగు, కొరుకుతాయి కూడా. ముద్దొస్తున్నాయని పాప చేయి చాపకుండా చూసుకోండి.

బ్రెజిల్ వైపు పార్కు బస్సు దిగాక 1.2 కిలోమీటర్ల దారి. మధ్యలో మెట్లు తగుల్తాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ దారి నడవకుండా అదే బస్సులో చివరి స్టాపుకి వెళ్ళి, అక్కడున్న లిఫ్టుతో కిందికి దిగొచ్చు. నీళ్ళలోకి చొచ్చుకుపోయిన వంతెన అక్కడే ఉంది. రెయిన్‌కోట్ వేసుకున్నా తడుస్తారు. ఫోన్‌కి ప్లాస్టిక్ పౌచ్ హైదరాబాద్‌లోనే కొనుక్కోండి.

నీళ్ళ లెక్క: మామూలు రోజుల్లో 50 వేల క్యూసెక్కులు. విక్టోరియాలా ఏటా ఒకే కాలంలో ఎండిపోవడం ఇక్కడ లేదు, వానలు ఏడాదంతా పడతాయి. అక్టోబరులో నీళ్ళకి లోటుండదు, వరద భయమే ఎక్కువ. 2022 అక్టోబరు వరదకి గర్గంతా వంతెన దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. 2023 అక్టోబరు చివర్లో ప్రవాహం ఎనిమిదిన్నర లక్షల క్యూసెక్కులకి చేరింది. 2014 జూన్‌లో అయితే పదహారు లక్షలు. అలాంటి రోజున నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉంటాయి, వంతెనలు మూసేస్తారు. అందుకే ఇగువాసులో ఒక్క రాత్రి మాత్రమే ఉండేలా ప్లాన్ వేయకూడదు. మూడు రాత్రులుంటే ఒక రోజు పోయినా ఇంకొకటి మిగులుతుంది.

చేరడం: ఇండియా నుంచి దోహా, దుబాయ్‌ల మీదుగా దక్షిణ అమెరికాకి విమానాలున్నాయి. ఒక వైపు ప్రయాణానికే రెండు రోజులు తీసేయండి. బ్యూనస్ ఎయిరెస్‌లో అంతర్జాతీయ విమానాలు ఎజీజాలో దిగుతాయి, జలపాతం దగ్గరి ఊరు ప్వెర్టో ఇగువాసుకి వెళ్ళే విమానాలు ఎక్కువగా ఏరోపార్కే నుంచి. ఊరికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. రెండింటి మధ్య కనీసం ఐదు గంటలు ఉంచుకోండి. అమెరికా టూరిస్టు వీసా ఉన్న భారతీయులకి విడిగా వీసా అక్కర్లేదని అర్జెంటీనా 2025 ఆగస్టులో ప్రకటించింది. షరతులు మారుతుంటాయి, ఎంబసీ సైట్లో చూసుకునే కదలండి. బ్రెజిల్‌కి మాత్రం విడిగా వీసా కావాలి. సరిహద్దు వంతెన అవతలికి ఒక్క పూట వెళ్ళొచ్చినా సరే.

ఇప్పుడు అడ్డంకి. బ్రెజిల్, అర్జెంటీనా రెండూ ఎల్లో ఫీవర్ దేశాలు. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు (పసుపు కార్డు) చూపించాలి. లేకపోతే ఆ ఆరు రోజులు నిండేదాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్ళాలి. ఇది బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసే టీకా. గుడ్డు పడనివాళ్ళకి, గర్భిణులకి ఇవ్వరు. 60 దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్ళలో తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదే అయినా, చిన్నవాళ్ళతో పోలిస్తే ఆ ముప్పు ఎక్కువ. మావయ్య, అత్తయ్య ఇద్దరూ ఆ వయసువాళ్ళే. వాళ్ళ ఫిజీషియన్ చెప్పనిదే ఈ టీకా వేయించకండి.

తిరుగు ప్రయాణంలో న్యూజెర్సీలో ఆరు రోజులు ఉండి వస్తే కార్డు అడగరు కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. నిబంధన ప్రకారం అది నిజమే. కానీ కార్డు అడగకపోయినా దోమ కుట్టకుండా ఉండదు. ఇగువాసు వెళ్ళేవాళ్ళకి టీకా వేయించుకోమని చెప్పేది జబ్బు రాకుండా ఉండటానికి. పెద్దవాళ్ళతో ఆ పని చేయొద్దు.

ఈరీసరస్సు:

పరానా గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. వీసాలు చేతిలో ఉన్నాయి, మనిషి న్యూజెర్సీలో ఉన్నాడు, నెల అక్టోబరు, ఇంట్లో మోకాళ్ళ నొప్పులు. నయాగరా తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. ఎత్తు తక్కువని కొందరు చిన్నచూపు చూస్తారు. నయాగరాలో అన్నిటికంటే పెద్దదైన హార్స్‌షూ జలపాతం ఎత్తు 57 మీటర్లే, నిజమే. కానీ లక్ష క్యూసెక్కులు దూకుతుంటే అంచుకి కొద్ది అడుగుల దూరంలో, మెట్టు ఎక్కకుండా, ముసలివాళ్ళు కూడా నిలబడగలిగే చోటు ప్రపంచంలో చాలా తక్కువ.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. నయాగరాలో ఎన్ని నీళ్ళు వదలాలో అమెరికా, కెనడా 1950లో రాసుకున్న ఒప్పందంలో ఉంది. టూరిస్టు సీజన్లో పగటిపూట కనీసం లక్ష క్యూసెక్కులు. రాత్రుళ్ళు, చలికాలమంతా అందులో సగమే, 50 వేలు. మిగతా నీళ్ళని ఎగువన మళ్ళించి రెండు దేశాలూ కరెంటు తీసుకుంటాయి. జలపాతానికి పైన 18 గేట్ల కంట్రోల్ డ్యామ్ కనిపిస్తుంది. శ్రీశైలం గేట్ల లెక్కలు రోజూ పేపర్లో చదివే మనకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు 15 దాకా పూర్తి నీళ్ళు ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు. సెప్టెంబరు 16 నుంచి అక్టోబరు 31 దాకా రాత్రి 8 వరకే. నవంబరు 1 నుంచి పగలూ సగమే. అంటే మీరు అక్టోబరులోనే వెళ్ళాలి, చీకటి పడ్డాక జలపాతం మీద వేసే రంగు దీపాలు కూడా రాత్రి 8 లోపే చూడాలి. ఆ నెలలో ఆరున్నర, ఏడుకే చీకటి పడుతుంది కాబట్టి గంట పైన సమయం దొరుకుతుంది. అన్నం తినొచ్చి తీరిగ్గా తొమ్మిదింటికి వెళ్తే దీపాలుంటాయి గానీ ధార పలచబడి ఉంటుంది.

మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవలు నవంబరు మొదట్లో ఆపేస్తారు, కాబట్టి అక్టోబరులో దొరుకుతాయి. చలి మాత్రం పుడుతుంది. పగలు 10 నుంచి 15 డిగ్రీలు, దానికి తుంపర తోడు. పిల్లలకి, పెద్దవాళ్ళకి ఒక జత బట్టలు, సాక్సులు కారులో విడిగా పెట్టుకోండి.

తొలకరి:

చాలా థాంక్స్ అండీ. టీకా సంగతి మాకు తట్టనే లేదు, ఇగువాసు పక్కన పెట్టేశాం. నయాగరాకే వెళ్తాం. కెనడా వైపు నుంచే బాగా కనిపిస్తుందని అందరూ అంటున్నారు. వీసా లేకుండా వంతెన దాటే మార్గమేమైనా ఉందా? లేకపోతే అమెరికా వైపు ఒక్కటే చూస్తే వెలితిగా ఉంటుందా? అత్తయ్య ఏవేవి చూడగలరు?

ఈరీసరస్సు:

వీసా లేకుండా దాటలేరు. జలపాతం దగ్గర రెండు దేశాలనీ కలిపే రెయిన్‌బో బ్రిడ్జి మీద అప్పటికప్పుడు ఇచ్చే వీసాలు లేవు. అమెరికా వీసా ఉంటే కెనడా ఈటీఏ (వీసా బదులు ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి) ఇస్తుందని విన్నవాళ్ళు ఉంటారు. అది కొన్ని దేశాలవాళ్ళకే, ఆ జాబితాలో ఇండియా లేదు. ఇప్పుడు అప్లై చేసి వస్తే సంతోషం, రాకపోతే ట్రిప్ ఆపుకోవాల్సిన పనిలేదు. వీసా వచ్చి దాటితే, తిరిగి వచ్చేటప్పుడు ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు చూసుకోండి. కెనడా వెళ్ళొచ్చినంత మాత్రాన అమెరికాలో ఉండే గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కకి వస్తుందనుకోవద్దు.

కెనడా వైపు నుంచి హార్స్‌షూ, అమెరికన్ ఫాల్స్ రెండూ ఒకే చూపులో ఎదురుగా కనిపిస్తాయి, ఆ మాట నిజం. అమెరికా వైపు నుంచి పక్కగా కనిపిస్తాయి, కానీ నీళ్ళకి చాలా దగ్గరగా ఉంటారు. ఎదురుగా చూడలేని ఆ లోటుని పడవ తీర్చేస్తుంది, ఎందుకంటే పడవ తిన్నగా హార్స్‌షూ వంపులోకి వెళ్ళి ఆగుతుంది.

ఈ వరసలో చూడండి. ఉదయం 9 లోపు కారుని జలపాతాల మధ్యనున్న గోట్ ఐలాండ్ అనే లంక మీది పార్కింగ్‌లో పెట్టండి. పార్కులోకి ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. ముందు టెరాపిన్ పాయింట్. హార్స్‌షూ అంచు అక్కడ రెయిలింగ్ పక్కనే ఉంటుంది. చక్రాల కుర్చీకి దారుంది. ఇంద్రధనుస్సు కనపడాలంటే సూర్యుడు వీపు వైపు ఉండాలి. అమెరికా వైపు నుంచి మీరు పడమరకి చూస్తారు కాబట్టి ఎండ కాసే ఉదయాల్లో ఇక్కడ కనిపిస్తుంది. కెనడా వైపువాళ్ళకి మధ్యాహ్నం తర్వాత. సాయంత్రం టెరాపిన్‌కి వెళ్ళి ఇంద్రధనుస్సు లేదనుకుంటే లాభం లేదు.

తర్వాత లూనా ఐలాండ్. అమెరికన్ ఫాల్స్‌కి, బ్రైడల్ వెయిల్‌కి మధ్య చిన్న లంక. అమెరికన్ ఫాల్స్ కింద పెద్ద బండరాళ్ళ కుప్ప కనిపిస్తుంది. వాటిని తొలగించడం కుదురుతుందేమో చూద్దామని 1969లో ఆ జలపాతాన్ని కొన్ని నెలల పాటు పూర్తిగా ఎండగట్టారు. చివరికి వాటిని అలాగే వదిలేశారు. బాబుకి ఇది చెప్పండి, ఆ వయసు పిల్లలకి నచ్చుతుంది.

కేవ్ ఆఫ్ ది విండ్స్‌కి అత్తయ్యని తీసుకెళ్ళొద్దు. కిందికి లిఫ్టే గానీ, ఆ తర్వాత తడిసిన చెక్క మెట్లు ఎక్కాలి. పైనున్న హరికేన్ డెక్ జలపాతానికి 20 అడుగుల దూరంలోనే ఉంటుంది, గాలికి నిలబడటం కష్టం. మీరు, పిల్లలు వెళ్ళండి. పోంచో, చెప్పులు వాళ్ళే ఇస్తారు. మీ బూట్లు సంచిలో వేసి మోసుకెళ్ళాలి కాబట్టి తేలికైన సంచి ఉంచుకోండి.

మధ్యాహ్నం ప్రాస్పెక్ట్ పాయింట్ వైపు రండి. అబ్జర్వేషన్ టవర్ లిఫ్టులో పడవ రేవుకి దిగొచ్చు, మెట్లు అక్కర్లేదు. ప్రయాణం 20 నిమిషాలు. పై అంతస్తుకి మెట్లెక్కాలి, అందరూ తోసుకునేది కూడా అక్కడే. అత్తయ్య, మావయ్యలని కింది డెక్కులో ఎడమ రెయిలింగ్ దగ్గర నిలబెట్టండి. వెళ్ళేటప్పుడు అమెరికన్ ఫాల్స్ ఎడమ పక్కనే వస్తుంది. హార్స్‌షూ దగ్గర పడవ బాగా ఊగుతుంది, రెయిలింగ్ వదలొద్దని ముందే చెప్పాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి తుంపరలో ఏమీ కనిపించదు, చేతిరుమాలు పోంచో లోపల పెట్టుకోండి.

న్యూజెర్సీలో ఎడిసన్ వైపు నుంచి కారులో ఆరేడు గంటలు పడుతుంది. అదే రోజు వెళ్ళి అదే రోజు రావాలనుకోకండి. రెండు రాత్రులు ఉంటే మబ్బు పట్టినా ఇంకో పగలు దొరుకుతుంది. మోకాళ్ళతో అంతసేపు కారులో కూర్చోలేకపోతే నెవార్క్ నుంచి బఫెలోకి గంటన్నర విమానం, అక్కడి నుంచి అరగంట పైన రోడ్డు. శాకాహారం గురించి దిగులు వద్దు, జలపాతం పక్క వీధుల్లోనే ఇండియన్ హోటళ్ళున్నాయి.

కొండగాలి:

తొలకరి గారికి దారి దొరికింది కాబట్టి, అక్టోబరులోనే వెళ్ళాలి గానీ అమెరికా వీసా లేదు అనేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వియత్నాం, చైనా సరిహద్దులో బాన్ జోక్ చూడండి. భారతీయులకి వియత్నాం ఈ-వీసా ఇస్తుంది. ఎత్తు 30 మీటర్లే, కానీ 300 మీటర్ల వెడల్పున మెట్లు మెట్లుగా దిగుతుంది. జూలై, ఆగస్టు వానల్లో నీళ్ళు బురదగా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో తేరుకుని నీలిపచ్చగా మారతాయి, చుట్టూ వరి కోతకొచ్చి ఉంటుంది. హనోయ్ నుంచి 350 కిలోమీటర్ల దరిదాపే గానీ చాలామటుకు ఘాట్ రోడ్డు, ఏడెనిమిది గంటలు. దారిలో కావో బాంగ్ ఊళ్ళో రాత్రి ఆగి పొద్దున్నే వెళ్ళండి. తెప్ప మీద జలపాతం ముందు దాకా తీసుకెళ్తారు, ప్రవాహం ఎక్కువైన రోజు తెప్పలు కట్టేస్తారు. చూసే చోటు దాకా దారి దాదాపు చదునే. పక్కనే నూమ్ న్గావ్ గుహలున్నాయి, అక్కడ మాత్రం తడి మెట్లు.

తొలకరి:

ఈరీసరస్సు గారూ, టెరాపిన్ దగ్గర చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుందా, లేక మరిది వాళ్ళ ఊళ్ళోనే తీసుకుని కారులో వేసుకెళ్ళాలా?

ఈరీసరస్సు:

కారులో వేసుకెళ్ళండి. మడత పెట్టేది, పెద్ద వెనక చక్రాలున్నది తీసుకోండి. లంక మీద దారి అంతా పక్కానే గానీ టెరాపిన్‌కి దిగే వాలు తడిగా ఉంటుంది, చిన్న చక్రాలవి జారతాయి. ఎక్కేటప్పుడు వెనక నుంచి తోయడానికి మీలో ఒకరు ఉండాలి. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు దానికి కింది వైపున ఉండి వెనక్కి నడుస్తూ నెమ్మదిగా దించండి.